బట్టమేక పిట్టా, పదకొండు కేవీ లైనూ

ఈమధ్య పేపర్లో జిల్లా పేజీ తిప్పితే వారానికొక పిట్ట బొమ్మ కనిపిస్తోంది. కర్నూలు పక్క చెరువులో ఎక్కడి నుంచో వచ్చిన కొంగలు దిగాయని ఒకరోజు, తుంగభద్ర ఒడ్డున ఎవరూ చూడని గద్ద కనిపించిందని ఇంకోరోజు. మా వీధిలో ఇంజనీరింగ్ చదివే ఇద్దరు పిల్లలున్నారు. ఆదివారం వస్తే చాలు, మోచేతంత కెమెరాలు మెడకు తగిలించుకుని బండెక్కి పోతారు. పోయిన నెల వాళ్లే మా ఇంటికి వచ్చి, "తాతా, నువ్వు ఇన్నేండ్లు లైన్ల మీద తిరిగినావు గదా, బట్టమేక పిట్టను ఎప్పుడన్నా చూసినావా?" అని అడిగారు. చూశానన్నాను. ఎక్కడ అన్నారు. చెప్పనన్నాను. ముసలాయన కోతలు కోస్తున్నాడని అనుకుని ఉంటారు, ముఖాలు చిన్నబుచ్చుకున్నారు.

ఊరి పేరు తప్ప మిగతాదంతా చెబుతానని వాళ్లకు మాటిచ్చాను. వాళ్లతో పాటు, కరెంటు లైన్ల మీద కొత్తగా చేరిన పిల్లలు కూడా చదవాలని ఇది రాస్తున్నాను. ఇందులో నా ఘనత ఏమీ లేదని ముందే చెప్పేస్తే నాకు కాస్త హాయిగా ఉంటుంది.

హెల్పరుగా చేరి, లైన్‌మన్‌నై, చివరికి నందికొట్కూరు దగ్గర లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. మా ఉద్యోగంలో పిట్ట అంటే పీడ. మేం పారేసిన తీగముక్కలను ఏరుకొచ్చి కాకి మా స్తంభం మీదే గూడు కడుతుంది. అది పక్క తీగకు తగిలి ఊరంతా చీకటైతే తిట్లు మాకు. సబ్‌స్టేషన్‌లో ఒక రిజిస్టరు ఉండేది. లైన్ ఎందుకు ట్రిప్పయిందో, అంటే ఎందుకు దానంతటదే ఆగిపోయిందో అందులో రాయాలి. కారణం దొరక్కపోతే 'పక్షి' అని రాసేవాళ్లం. పక్షిని పిలిచి విచారించే అధికారి లేడు గదా.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకసారి నిజంగానే పక్షి. జొన్నచేలో లైన్ కింద పడి ఉంది. నెమలంత ఉంది, తోక లేదు. తెల్లటి మెడ, నెత్తిన నల్లటి టోపీ. రెండు చేతులతో ఎత్తితే నా చేతులు బరువుకు దిగిపోయాయి. నాతో ఉన్న పెద్ద లైన్‌మన్ చుట్టూ చూసి, "కేసవుతాది, పూడ్చి పెట్టు" అన్నాడు. పూడ్చాను. రిజిస్టరులో 'పక్షి' అని రాశాను. దాని పేరు బట్టమేక అనీ, దేశం మొత్తం మీద అవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయనీ చాలా ఏళ్ల తర్వాత బస్టాండులో అంటించిన ఒక బొమ్మ చూసి తెలుసుకున్నాను. ఆ బొమ్మ ముందు నిలబడి రెండు బస్సులు వదిలేశాను.

ఇక అసలు సంగతి. నా సర్వీసులో చివరి ఏడు అది. నందికొట్కూరుకూ కర్నూలుకూ మధ్య ఒక ఊరి పొలాల్లోకి కొత్తగా పదకొండు కేవీ లైన్ లాగారు. ఆ లైన్ ఒక ముసలామె బీడు మధ్యలో నుంచి పోతుంది. ఆమెకు మూడెకరాలు. భర్త పోయాడు, బోరు ఎండిపోయింది. రెండు బర్రెలను ఆ బీట్లోనే మేపుకుంటూ, ఆదివారం చర్చికి పోతూ బతుకుతోంది. తొలకరికి ముందు ఒకరోజు పొద్దున నేను ఆ పక్క స్తంభమెక్కి, రెండు తీగలను కలిపే జంపర్ ముక్క బిగిస్తున్నాను. కింద గడ్డిలో ఏదో కదిలింది. మెడ నిలబెట్టి నన్నే చూసింది. నేను చేతిలో ఉన్న స్పానర్ జారవిడిచాను. అది పడిన చప్పుడుకు పిట్ట నాలుగడుగులు పరిగెత్తి, భారంగా లేచి, తీగలకు జానెడు కిందుగా పోయింది.

దిగేసరికి ముసలామె నా స్పానర్ పట్టుకుని నిలబడి ఉంది.

"చూసినావా?" అంది.

"చూసినా పెద్దమ్మా. బట్టమేక గదా అది?"

"నా పెండ్లయిన కొత్తల్లో మందలు మందలుగా తిరుగుతాండె. ఈ నడుమ ఒక్కటీ లేదు. ఇది పోయినేడు వానలకు వచ్చె, మళ్లీ ఇప్పుడొచ్చె." ఆమె స్పానర్ ఇవ్వలేదు. "అప్పా, నువ్వు ఎవురికీ చెప్పగాకు. అడివాఫీసోళ్లకు తెలిస్తే ఈ బీడంతా పిట్టదే అని రాసుకుంటారంట. బర్రెలను గూడా రానీరంట. నాకుండేది ఇదొక్కటే."

అది నిజమో కాదో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఆమె భయం మాత్రం నిజం. చెప్పనని మాటిచ్చాకే స్పానర్ నా చేతికొచ్చింది.

మాటయితే ఇచ్చాను గానీ ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ పిట్ట ఎగిరేటప్పుడు ఎదురుగా ఉన్న తీగ దానికి కనిపించదు. దాని కళ్లు పక్కలకు ఉంటాయి. దగ్గరికొచ్చాక కనిపించినా, అంత బరువుతో చటుక్కున తిరగలేదు. ఇవాళ కాకపోతే రేపు అది ఆ తీగకు తగులుకుంటుంది. మళ్లీ నేనే పూడ్చాలి. డిపార్ట్‌మెంటుకు చెబితే మాట తప్పినట్టు, చెప్పకపోతే పిట్టను చంపినట్టు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అట్లా ఉంది నా పని.

మా పక్క అడవిపందులకు భయపడి చేను చుట్టూ పాత చీరలు కడతారు. రంగు చూసి పంది దూరదని. తీగకు కూడా రంగు కడితే పిట్టకు కనిపిస్తుంది గదా అనిపించింది. నా బుర్రకు అంతకు మించి తోచలేదు. ముసలామె ఎర్రచీర ఒకటి, తెల్లచీర ఒకటి తెచ్చి పీలికలుగా చించింది. రెండు మూరల పీలిక, కొసలకు చిన్న రాళ్లు. కింద నుంచి విసిరితే తీగకు చుట్టుకుని వేలాడుతుంది. గాలిపటాల కోసం పిల్లలు దారానికి రాయి కట్టి లంగరు విసిరితే వాళ్ల ఇండ్లకు పోయి తండ్రులతో తన్నించినవాణ్ని నేను. యాభై తొమ్మిదేళ్ల వయసులో అదే పని చేశాను.

లైన్ మీద ఏ పని చేయాలన్నా సబ్‌స్టేషన్ నుంచి ఎల్సీ తీసుకోవాలి. అంటే, నేను చెప్పేదాకా కరెంటు వేయొద్దని ఆపరేటర్ దగ్గర మాట తీసుకోవడం. దానికి కారణం చెప్పాలి. ఫోన్ చేసి, "చెట్టు కొమ్మలు కొట్టాల్ల" అన్నాను. ఆపరేటర్ నాకు పాత స్నేహితుడు, నోరు ఊరుకోదు. "ఏం చెట్టప్పా? రాయాల్ల గదా. యాపా, తుమ్మా?" అన్నాడు. తుమ్మ అన్నాను. తుమ్మ అనే రాసుకున్నాడు.

గంటలో పని అయిపోయింది. ఎర్రవి, తెల్లవి, గాలికి ఊగుతుంటే పెండ్లి పందిరి వేసినట్టుంది. మూడోరోజు ముసలామె ఫోన్ చేసింది. పిట్ట లేచి, పీలికలను చూసి, దూరం నుంచే పక్కకు తిరిగిపోయిందట. నేను ఆరోజు సబ్‌స్టేషన్‌లో అందరికీ టీలు ఇప్పించాను. ఎందుకని అడిగితే చెప్పలేదు.

రెండు వారాల తర్వాత వాన వచ్చింది. తెల్లవారుజామున మొదలై, ఆరు గంటలకు గాలీ వానా కలిసి కొడుతున్నాయి. ఆపరేటర్ ఫోన్. "ఆ కొత్త లైనుండే ఫీడరు ట్రిప్పయిందప్పా. ఒకసారి వేసి చూసినా, నిలబడల్యా. ఇంగొకసారి వేసి చూస్తాండా, ఆగు."

పిల్లలూ, ఈ మాట దగ్గర కొంచెం ఆగండి. ఫాల్టు ఎక్కడుందో నాకు ఆ క్షణమే తెలుసు. తడిసిన గుడ్డ పక్క తీగకు చుట్టుకుని ఉంటుంది. దాని మీద మళ్లీ కరెంటు వేస్తే తీగ కాలుతుంది. "వేయొద్దు" అని ఒక్క మాట అనాలి. అంటే, నీకెట్లా తెలుసు అంటాడు. నేను ఊరుకున్నాను. ఫోన్‌లో నుంచి ధడేల్మని బ్రేకర్ స్విచ్చి పడిన చప్పుడు వినిపించింది. "ఊహూ, నిలబడల్యా" అన్నాడు. చూసొస్తానని పెట్టేశాను. రిటైర్మెంటు ఇంక కొన్ని నెలలే ఉంది, ఎవరూ చూడకముందే పోయి పీలికలు పీకేద్దామన్నదే నా ఆలోచన.

వాన సన్నబడింది. బండి బురదలో వదిలేసి చేల గట్ల మీద పడి పరిగెత్తాను. బీడు కనిపించింది. తీగ కనిపించింది. మా తీగలో అల్యూమినియం పోగులు చుట్టూ ఉండి, నడుమ ఒక ఉక్కు పోగు ఉంటుంది. అల్యూమినియం అంతా కాలి, తెగి, విచ్చుకుపోయి ఉంది. ఆ ఉక్కు పోగు ఒక్కదాని మీద తీగ నిలబడి ఉంది. సరిగ్గా దాని కింద, తడి గడ్డిలో, గోనెసంచి నెత్తిన వేసుకుని ముసలామె వంగి కాలిన పీలికలు ఏరుతోంది.

"పక్కకు పో!" అని అరిచాను. గాలికి ఆమెకు వినపడలేదు. ఆపరేటర్ మూడోసారి వేస్తే ఆ పోగు తెగుతుంది. తెగితే తడి నేల మీద, ఆమె మీద పడుతుంది. ఆపరేటర్‌కు ఫోన్ చేశాను.

"వేయొద్దు! మనిషి ఉండాది లైన్ కింద! ఎల్సీ ఇయ్యి!"

"యాడ పాల్టు? నువ్వింకా చూడనే లేదు గదప్పా..."

"చూసినా. చూడకముందే తెలుసు నాకు. చేసింది నేనే. నువ్వు చెయ్యి దానిమీద నుంచి తియ్యి!"

అవతల ఫోన్ చేతులు మారింది. తర్వాత ఒక ఆడగొంతు: "ఎల్సీ ఇచ్చినాం అన్నా. మీరు ఆమెను పక్కకు తీసుకురాండి. నేను వస్తాండా."

అది మా అసిస్టెంట్ ఇంజనీరు, ఏఈ మేడం. ఫీడరు పోయిందని వానలోనే సబ్‌స్టేషన్‌కు వచ్చి ఆపరేటర్ పక్కనే నిలబడి ఉంది. నేను పోయి ముసలామె చెయ్యి పట్టుకుని గట్టు దాకా లాక్కొచ్చాను. కూర్చోబెట్టి నేనూ పక్కన కూర్చున్నాను. ఆమె నా ముఖం చూసి, "ఏమైందప్పా, నేను బాగనే ఉండా గదా" అంటూ కొంగుతో నా తల తుడిచింది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను.

మేడం బద్వేలు పక్క పల్లె నుంచి వచ్చిన పిల్ల. నా చిన్నకూతురి కంటే చిన్నది. ఉద్యోగానికి కొత్త, మాటకు పదును. జీపు దిగి, తీగ చూసింది, కింద కాలిన గుడ్డలు చూసింది, చుట్టూ నాలుగు దిక్కులా చూసింది. చేతిలో ఎల్సీ పుస్తకం.

"అన్నా, తుమ్మచెట్టు కొమ్మలు కొట్టినట్టు రాసినారు ఈడ. తుమ్మచెట్టు యాడుంది?"

ఆ బీట్లో మోకాలెత్తు గడ్డి తప్ప ఇంకేమీ లేదు.

నేను నోరు తెరిచేలోగా ముసలామె లేచింది. "ఆయప్పనేమీ అనగాకు తల్లీ. ఆ గుడ్డలు నేను విసిరినా. పందులకని."

"తీగ మీదికి పందులు ఎక్కుతాయా అవ్వా?"

"ఈ కాలం పందులు, ఏమి చేస్తాయో ఎవురికి తెలుసు" అంది ముసలామె, బెదరకుండా.

మేడం పెదవి బిగబట్టింది. నవ్వు ఆపుకుందో కోపం ఆపుకుందో తెలియలేదు. నేను ముసలామె వైపు చూశాను. మాటిచ్చినవాణ్ని. ఆమె నెత్తిన గోనెసంచి తీసి, "చెప్పప్పా, ఇంగేముంది" అంది. అప్పుడు చెప్పాను, మొదటి నుంచీ. జొన్నచేలో పూడ్చింది కూడా చెప్పాను. అది అడగలేదు, అయినా వచ్చేసింది.

మేడం నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, కొన్ని మాత్రం రాస్తాను. "పిట్ట చావకూడదని మనిషిని చంపబోతిరి. రెండోసారి వేసేటప్పుడు మీకు తెలుసు గదా? తెలిసీ ఊరకుండినారు గదా? ఇంత సర్వీసుండి?"   ఆ ఉక్కు పోగు తెగి ఉంటే నేను ఈ జ్ఞాపకాలు రాసేవాణ్ని కాదు. తెగలేదు. దానికి నేను చేసింది ఏమీ లేదు, అది నా అదృష్టం, ఆమె అదృష్టం. రిటైరయ్యాక కూడా కొన్ని పొద్దుల్లో ఉలిక్కిపడి లేచి, తెగలేదు గదా అని చెప్పుకుంటాను. చెప్పుకున్నాక గుండె కుదురుకుంటుంది.

తిట్లు అయ్యాక మేడం గట్టు మీద కూర్చుంది. "యాడుంది పిట్ట?" అంది. వానకు ఎటుపోయిందో లేదు. అరగంట చూశాం. పిచ్చుక కూడా కనపడలేదు. నమ్మదనుకున్నాను. కట్టుకథ అల్లానని ఇంకో ఆరోపణ రాస్తుందనుకున్నాను.

"మా జేజినాయన మేకలు కాస్తాండె" అంది ఆమె, బీడు వైపే చూస్తూ. "కలివికోడిని చూసినానని ఊరంతా చెప్పుకున్యాడు. ఆ పిట్ట ఎప్పుడో లేకుండా పోయిందంటాండిరి అప్పుడు. ఎవురూ నమ్మల్యా. అబద్ధాలాయన అని పేరు పెట్టిరి. సచ్చిపోయేదాకా ఆ పేరుతోనే పిలిచిరి. నేనూ పిలిచినా, చిన్నప్పుడు." లేచి దుమ్ము దులుపుకుంది, తడి బట్టలకు దుమ్మెక్కడిది. "నాకు కనపడకపోయినా ఫర్లేదు. ఉండాదంటే ఉండాది."

తర్వాత జీపులో నుంచి లైన్ స్కెచ్ తెప్పించింది. కాగితం మీద వేలు పెట్టి చూపించింది. "లైన్ బండ్లబాట వెంబడి పోవాల్ల. ఈ బీట్లోకి ఎందుకొచ్చింది?"

అది నాకు తెలుసు. లైన్ వేసిన కాంట్రాక్టరు చుట్టు తిరిగే పని తప్పించుకోవడానికి బీడుకు అడ్డంగా స్తంభాలు నాటాడు. లైన్ పొడవునా నడిచి, స్కెచ్‌తో సరిచూసి సంతకం పెట్టాల్సింది నేను. నడి ఎండాకాలం. బండ్లబాట మొదట్లో టీ బంకు నీడన కూర్చుని, దూరం నుంచి స్తంభాల తలలు చూసి సంతకం పెట్టాను. పిట్ట కోసం చీరలు చింపించిన మనిషి, ఆ లైన్ అసలు అక్కడ ఉండాల్సిందే కాదన్న ముక్క ఎవరికీ చెప్పలేదు. చెబితే నా సంతకం బయటపడుతుంది. సంతకం నాదేనని అప్పుడు ఒప్పుకున్నాను. ఒప్పుకునేటప్పుడు ముసలామె నావైపు చూసిన చూపు, మేడం తిట్లన్నిటికంటే గట్టిగా తగిలింది. ఆమె పొలంలో ఆ స్తంభాలు నా సోమరితనం వల్ల లేచినవే.

మేడం రెండు కాగితాలు రాసింది. ఒకటి నాకు మెమో. తప్పులన్నీ వరసగా రాసింది, ఒక్కటి కూడా వదల్లేదు. రెండోది కాంట్రాక్టరుకు, లైన్‌ను స్కెచ్ ప్రకారం మార్చాలని. రెండిట్లోనూ పిట్ట పేరు లేదు. ముసలామె మూడెకరాల మాట కూడా లేదు. నా ఇంక్రిమెంటు ఒకటి ఆగిపోయింది. పెద్ద శిక్ష పడుతుందని ఇంట్లో అందరూ బిక్కుబిక్కుమంటూ ఉంటే, ఆ ఆర్డరు చదువుకుని నేను ఒక్కణ్నే నవ్వుకున్నాను.

కాంట్రాక్టరు గొణుక్కుంటూనే వచ్చి లైన్‌ను బాట వెంబడికి మార్చాడు. అక్కడ వరసగా వేపచెట్లున్నాయి, ఆ పిట్ట చెట్ల పక్కకు పోదు. బీట్లో స్తంభాలు పీకిన రోజు సాయంత్రం నేను ఒక్కణ్నే మిగిలి, తీగచుట్టలు లెక్కచూసుకుంటున్నాను. ముసలామె బర్రెలను ఇంటికి తోలుకుపోతూ నా పక్కన ఆగింది. ఆ వాన పొద్దు నుంచీ పిట్ట మళ్లీ కనపడలేదని, ఇంక రాదేమోనని అంటోంది.

అంటుండగానే బీడు ఆ చివర గడ్డిలో తెల్లటి మెడ లేచింది. బర్రె ఒకటి అటు అడుగు వేసింది. పిట్ట పరిగెత్తింది, రెక్కలు విప్పింది, ఎప్పటిలాగే బరువుగా, తక్కువ ఎత్తులో లేచింది. నేరుగా, ఆ పొద్దుటిదాకా తీగలున్న చోటికే వచ్చింది. అంతే ఎత్తు. అక్కడ ఏమీ లేదని నాకు తెలుసు. నా చేతులతోనే విప్పాను. అయినా కళ్లు గట్టిగా మూసుకున్నాను.

చప్పుడేమీ వినపడలేదు. కళ్లు తెరిచేసరికి అది అవతల గట్టు మీద దిగి, మెడ నిగిడించి, మిడతను ఏరుకుంటోంది.

ముసలామె నా భుజం మీద తట్టింది.

"ఇంగ ఊపిరి ఇడువప్పా" అంది. "దాటిపాయె."